స్కానింగులో 'పేగులో పేగు దూరింది' అని వస్తే పిల్లలకు ఆపరేషన్ తప్పదా?

తప్పదని కాదు, చిన్నపేగులోకి చిన్నపేగే కాస్త దూరినప్పుడు చాలాసార్లు అది దానంతటదే సర్దుకుంటుంది. పేగు కదలికల వల్ల ఒక భాగం పక్క భాగంలోకి జారి, మళ్లీ వెనక్కి వస్తుంది. అల్ట్రాసౌండ్‌లో ఇది వలయంలో వలయంలా కనిపిస్తుంది. ఉదాహరణకు, సుమారు 1.5 సెంటీమీటర్ల వెడల్పున్న వలయం చూస్తుండగానే మాయమైతే, బిడ్డ హుషారుగా ఉంటే, అది తాత్కాలికమే.

వలయం కనిపిస్తే అన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. చిన్నపేగు చివరి భాగం పెద్దపేగులోకి చొచ్చుకుపోయే రకం వేరు: వలయం వెడల్పు సాధారణంగా 2.5 సెంటీమీటర్లు దాటుతుంది, లోపల కొవ్వు, లింఫు గ్రంథులూ చిక్కుకుంటాయి. దానికి వెంటనే చికిత్స కావాలి. అక్కడా చాలామందికి మలద్వారం నుంచి గాలి లేదా ద్రవం పంపి, కోత లేకుండానే సరిచేస్తారు. ఏ రకమైనా సరే, ఆకుపచ్చ వాంతులు గానీ, మలంలో రక్తం గానీ కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లడానికి ఒక్క గంట కూడా ఆగవద్దు.