కార్డు మీద లేని వచనాలు

ప్రశ్న: అయ్యగారికి వందనములు. బీటెక్ పూర్తిచేసి రెండేళ్లుగా మూసాపేటలోని ఒక హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక్కో వచనం రాసి పళ్లెంలో పెట్టే కార్డుల్లోంచి నాకు యిర్మీయా 29:11 వాగ్దానంగా వచ్చింది: నా గురించి దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని, రాబోయే కాలంలో నిరీక్షణ ఉందని. ఆ కార్డును ఫోను కవరులో పెట్టుకొని రోజూ ప్రార్థిస్తున్నాను. ఇంటర్వ్యూలు మాత్రం అనుభవం లేదన్న మాట దగ్గరే ఆగిపోతున్నాయి. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీవారు మూడేళ్ల అనుభవ పత్రాన్ని, జీతం స్లిప్పులతో సహా, తయారుచేసి ఇస్తామంటున్నారు. నాతో ప్రార్థనకు వచ్చే మిత్రుడు “ఇది దేవుడు తెరిచిన ద్వారమే” అంటున్నాడు. ఊళ్లో అమ్మకు అప్పులున్నాయి. నేను ఇంకా ఎంతకాలం నిరీక్షించాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సోదరా, మీ ఫోను కవరులో ఉన్నది ఒక ఉత్తరంలోని ఒకే ఒక్క వాక్యం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజైన యెకొన్యాను, అతనితోపాటు శిల్పకారులను, కంసాలులను బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన తరువాత, ఆ పరాయి పట్టణంలో దిక్కుతోచక ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుండి రాసి పంపిన ఉత్తరమది. మీ వచనానికి ముందున్న పదో వచనంలోనే, వారు తిరిగి రావడానికి 70 సంవత్సరాల గడువు ఉంది. అంటే ఆ ఉత్తరాన్ని చదివించుకుని విన్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణాన్ని కళ్లారా చూసి ఉండరు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోగా అంతా చక్కబడుతుందని మందిరంలో, జనులందరి ఎదుట ప్రకటించాడు. వినడానికి అదే ఇంపుగా ఉండి ఉంటుంది గాని, దేవుడు అతణ్ణి పంపలేదని యిర్మీయా ముఖం మీదే చెప్పాడు.

మరి ఆ 70 ఏళ్లూ చేతులు కట్టుకుని కూర్చోమన్నాడా? లేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకుని పిల్లలను కనండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని 5, 6, 7 వచనాల్లో ఉంది. ఏడో వచనంలో మన తెలుగు బైబిలు ‘క్షేమము’ అన్నచోటా, పదకొండో వచనంలో ‘సమాధానకరమైన’ అన్నచోటా హెబ్రీలో ఉన్నది షాలోమ్ అనే ఒకే మాట. దేవుడు వారికిస్తానన్న దానినే, తమను చెరపట్టిన ఊరి కోసం వారు అడగాలి. నిరీక్షణకూ విధేయతకూ మధ్య గోడ లేదని నాకు ఈ ఒక్క మాట చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా సంఘంలో డిసెంబరు నెలాఖరున ఈ కార్డులను కత్తెరతో కత్తిరించి పళ్లెంలో పేర్చే పని ఏళ్లుగా నాదే. “లోకములో మీకు శ్రమ కలుగును” అనేదీ యేసు చెప్పిన మాటే అయినా, ఆ కార్డు ఒక్కటైనా నా చేతిలో పడలేదు.

ఇక ద్వారం సంగతి. మొదటి సమూయేలు 24లో, దావీదూ అతని మనుషులూ దాక్కున్న గుహలోకే, అతణ్ణి చంపాలని తరుముతున్న సౌలు రాజు ఒంటరిగా వచ్చాడు. దేవుడు నీతో చెప్పిన దినం ఇదేనని మనుషులు దావీదుకు చెప్పారు. గమనించండి, వారు ఎత్తి చూపింది వాగ్దానాన్నే. సింహాసనం దావీదుకు రావలసిందే, అభిషేకం ఎప్పుడో అయింది, కత్తి చేతిలోనే ఉంది. అయినా అతడు కోసింది సౌలు పైవస్త్రపు చెంగును మాత్రమే, ఆ కాస్తకే అతని మనస్సు నొచ్చుకుంది. మీ మిత్రుడి మాటలో ప్రేమ లేదనను. కాని సందు దొరికిన ప్రతిచోటా దేవుడి వేలిముద్ర ఉండదు.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారని మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, దొరకనివారూ ఉన్నారు. దొరకనివారి సంగతే నాకు ఎక్కువ బెంగ. చేయని ప్రాజెక్టు గురించి ప్రతి ఉదయం ఏదో ఒకటి కల్పించి చెప్పుకుంటూ, మొదటి జీతంలో దశమభాగాన్ని కానుకల సంచిలో వేసేటప్పుడు మీరు ఏమని ప్రార్థిస్తారు?

యిర్మీయా కూడా ఒక పత్రం తయారు చేయించాడు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, తాను కారాగృహపు ప్రాకారంలో బందీగా ఉండగా, అనాతోతులోని పొలాన్ని 17 తులముల వెండి తూచి కొని, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ముద్ర వేయించి, బహుదినాలు నిలిచేలా మట్టికుండలో పెట్టించాడు (32వ అధ్యాయం). ఆ రోజున ఆ పొలానికి చిల్లిగవ్వ విలువ చేయదు. కాగితంలోని ప్రతి అక్షరమూ నిజం.

కాబట్టి ఈ వారం కన్సల్టెన్సీకి వద్దని చెప్పండి. జీతం తక్కువైనా, సపోర్టు పనైనా, ఫ్రెషర్‌గా తీసుకునేచోట అడగండి. రెండేళ్లలో నిజంగా నేర్చుకున్నది చిన్నదైనా రెజ్యూమెలో రాయండి. అమ్మకు ఫోను చేసి హాస్టల్ బాకీతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి. ఆమె ఊహించుకుంటున్న దానికంటే అది తక్కువే కావచ్చు. తరువాత ఆ కార్డును కవరులోంచి తీసి, వెనుక ఖాళీగా ఉన్న వైపున 5, 6, 7 వచనాలను మీ చేతిరాతతో రాసుకుని మళ్లీ అక్కడే పెట్టండి.