ఎల్మ్స్‌లీ కౌంట్ అసలు ఎవరిది?

"పేక మేజిక్‌లో నాలుగు ముక్కలూ చూపించినట్టే చూపించి ఒకదాన్ని దాచేసే ఎల్మ్స్‌లీ కౌంట్‌ని కనిపెట్టింది మెజీషియన్ డై వెర్ననేనా?" అని అడిగారు.

కాదండీ. పేరులో ఉన్న అలెక్స్ ఎల్మ్స్‌లీయే కనిపెట్టాడు. చాలా ఏళ్లు నేనూ వెర్నన్‌దే అనుకున్నాను. హాస్టల్లో ఒక సీనియర్ నాకు దీన్ని 'ట్విస్టింగ్ ది ఏసెస్' ట్రిక్‌తో నేర్పాడు. నాలుగు ఆసుల్నీ బోర్లా పట్టుకుని, కాస్త మెలితిప్పి లెక్కపెడితే ఒక ఆసు వెల్లకిలా కనిపిస్తుంది. మళ్లీ తిప్పితే అది బోర్లా పడి ఇంకోటి తిరుగుతుంది. ఆ ట్రిక్ వెర్నన్‌దే, 1960లో అచ్చయింది. ప్రపంచమంతా ఈ కౌంట్ పాకింది ఎక్కువగా దాని వల్లే. అందుకే ఈ పొరపాటు.

ఎల్మ్స్‌లీ 1929లో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో చదువుకుని కంప్యూటర్ల రంగంలో ఉద్యోగం చేశాడు. మేజిక్ ఆయనకు బతుకుతెరువు కాదు, ఇష్టం. 1950లలో ఈ కౌంట్‌ని తయారుచేసి 'ఘోస్ట్ కౌంట్' అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత జనం నోట ఆయన పేరే నిలిచింది.

ముక్కల సంఖ్యను తప్పుగా చూపే లెక్కలు అంతకుముందూ ఉన్నాయి. ఆరు ముక్కలుంటే నాలుగే అని నమ్మించడం లాంటివి. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది, అంకెలో మోసం లేకపోవడం. చేతిలో నాలుగే, లెక్కపెట్టేదీ నాలుగే. ఒక ముక్క రెండుసార్లు కనిపిస్తుంది, ఇంకోటి అసలు కనిపించదు. చూసేవాళ్లు అంకెను గమనిస్తారు, అంకె సరిపోతుంది, ఇక అనుమానానికి చోటెక్కడ?

కిటుకంతా రెండో లెక్క దగ్గరే ఉంది, అంతకుమించి ఇక్కడ చెప్పను. మా సీనియర్ మాత్రం నా చేతులు చూసేవాడు కాదు, కళ్లు మూసుకుని వినేవాడు. టక్, టక్, టక్, టక్. రెండో టక్ దగ్గర వెంట్రుకవాసి ఆలస్యమైనా "మళ్లీ" అనేవాడు. రమ్మీ ఆడీ ఆడీ జిడ్డెక్కిన పేకతో సాధన చేసేవాణ్ణి, ముక్కలు అతుక్కుపోయేవి. ఒక నిశ్చితార్థంలో ధైర్యం చేసి చూపిస్తుంటే సరిగ్గా అక్కడే ఆగాను. మా మేనమామ చెయ్యి పట్టేసి "ఆగరా, ఆ రెండోది మళ్లీ చూపించు" అన్నాడు. మర్నాడే కొత్త పేక కొన్నాను, వేగం తగ్గించి లయ మీద పడ్డాను. నిదానంగా చేసినా ఫర్వాలేదు, నాలుగూ ఒకే వేగంతో పడాలి.

ఎల్మ్స్‌లీ బుర్ర ఎలాంటిదో తెలియాలంటే ఆయన ఫారో లెక్క చూడండి. ఫారో అంటే 52 ముక్కల్ని 26, 26గా విడదీసి ఒకటి విడిచి ఒకటి కలపడం. పైముక్క పైనే ఉంటే 'అవుట్', రెండోదైతే 'ఇన్' అని ఆయనే పేర్లు పెట్టాడు. పైముక్క మీదికి ఐదు ముక్కలు రావాలా? ఐదును బైనరీలో, అంటే ఒకట్లూ సున్నాలతోనే రాసే పద్ధతిలో రాస్తే 101. ఒకటికి ఇన్, సున్నాకు అవుట్. అంటే ఇన్, అవుట్, ఇన్. ఫారో చెయ్యి రాకపోయినా బల్ల మీద ఒక్కొక్క ముక్కే పేర్చి చూడొచ్చు, నేను మొదట అలాగే చూశాను. మూడుసార్లు కలిపాక పైనుంచి ఆరోది తీయండి, మీ ముక్కే ఉంటుంది.