అమెరికానా జర్మనీనా తర్వాత, ముందు ఎకరం సంగతి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మూడెకరాల రొయ్యల చెరువు ఉంది. మా అబ్బాయి భీమవరంలో బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాడు. సగటు పదికి 7.2, రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. మా బావమరిది కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, ఈమధ్యే ఇల్లు కూడా కొన్నాడు. ఇక్కడి కన్సల్టెన్సీ వారు అమెరికాలో ఎంఎస్ సీటు ఖాయమని, 40 లక్షలవుతుందని అంటున్నారు. ఇంకొకరు జర్మనీలో చదువు ఉచితమని చెబుతున్నారు. ఎకరం అమ్మాలా, వడ్డీకి తేవాలా తేల్చుకోలేకపోతున్నాం. రెండు దేశాలనూ పోల్చి చెప్పగలరు. వెళ్లేలోపు సంబంధం కుదుర్చుకుంటే ఖర్చులకు ఆసరాగా ఉంటుందని కూడా మావాళ్లు అంటున్నారు.

జవాబు: పోలిక చెబుతానండీ. దానికి ముందు మీ ఉత్తరం గురించి ఒక మాట. మీ బావమరిది కొడుకు ఏ ఊళ్లో ఉంటున్నాడో, ఏం కొన్నాడో రాశారు. మీ అబ్బాయిది ఏ బ్రాంచో రాయలేదు. మిగిలిన రెండు సబ్జెక్టులు ఏవో రాయలేదు. విదేశం వెళ్లాలన్న కోరిక అతనిదో మీదో కూడా తెలియడం లేదు. 40 లక్షల బేరంలో ఈ మూడూ తెలియకుండా ఏ దేశం మంచిదో చెప్పేవాడు మీకు సలహా ఇవ్వడం లేదు, సరుకు అమ్ముతున్నాడు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. రాజోలు, ఆచంట, తణుకు, అమలాపురం అని ఊరి పేరు మారుతుంది, ప్రశ్న అదే. ఏ దేశం అని అడుగుతారు గాని లోపల గుబులు వేరు. ఇక్కడే ఉంటే వీడికి ఉద్యోగం రాదేమో, తోటివాళ్లంతా వెళ్లిపోతే మనం నలుగురిలో చులకనవుతామేమో అని. ఆ గుబులుకే ముందు జవాబు చెబుతాను.

రెండు సబ్జెక్టులు మిగిలినంత మాత్రాన పిల్లవాడు చేయి దాటిపోయినట్టు కాదు. వచ్చే ఏడాదిలోగా అవి గట్టెక్కిస్తే వాటిని భూతద్దం పెట్టి చూసే విశ్వవిద్యాలయాలు తక్కువ. 7.2 కూడా తీసిపారేసే మార్కు కాదు. బీటెక్ అవగానే విమానం ఎక్కకపోతే వెనకబడిపోతారన్నది కన్సల్టెన్సీల ప్రచారమే తప్ప ఎక్కడా నిబంధన కాదు. హైదరాబాదులోనో చెన్నైలోనో రెండేళ్లు, జీతం చిన్నదైనా సరే, ఉద్యోగం చేసి వెళ్లిన పిల్లలకు తాము ఏం చదవాలో తెలుస్తుంది. అక్కడ ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అప్పు ఇచ్చే బ్యాంకు కూడా వాళ్లను కాస్త మర్యాదగా చూస్తుంది. 24 ఏళ్లకు వెళ్తే ఆలస్యమని ఏ దేశమూ అనదు. మీ ఊరి అరుగు మీద ఎవరైనా అంటారేమో, వాళ్లు మీ వడ్డీ కట్టరు.

వడ్డీ అన్నాను కాబట్టి ఆ లెక్క ఒకసారి కాగితం మీద వేయండి. మన వైపు బయట అప్పు నూటికి రెండు రూపాయలు. 40 లక్షలకు నెలకు 80 వేలు. ఎంఎస్ రెండేళ్లు. అబ్బాయి మొదటి జీతం చూడకముందే వడ్డీ ఒక్కటే 19 లక్షల 20 వేలవుతుంది. నోటు రాసేటప్పుడు ఈ అంకె ఎవరూ పైకి అనరు. బ్యాంకుకు వెళ్దామంటే అక్కడ ఇంకో ఇబ్బంది. బాకీ ఎగవేస్తే కోర్టుకు వెళ్లకుండానే ఆస్తి జప్తు చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే రికార్డుల్లో పొలంగా ఉన్న భూమిని విద్యారుణానికి హామీగా తీసుకోవడానికి బ్యాంకులు మామూలుగా ఒప్పుకోవు. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, కట్టుకున్న ఇల్లయితే కాగితాల దగ్గర ఆగిపోతుంది. పట్టణంలో స్థలమో ఫ్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిట్లో అడుగుతారు. అంటే మూడెకరాల ఆసామి అయినా బ్యాంకు దృష్టిలో మీ దగ్గర తాకట్టుకు పనికొచ్చేది ఏమీ లేకపోవచ్చు. ఇది తెలిశాకే చాలామంది ఎకరం అమ్మకానికి పెడతారు. మీరు ఈ ఏడాది అమ్మవద్దు. ఈ ఒక్క మాట మాత్రం ఖాయంగా చెబుతున్నాను.

ఎందుకంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య కౌంటు ధర ఏమైందో నాకన్నా మీకే బాగా తెలుసు. మీ చెరువు ఆదాయం ఆ దేశం నిర్ణయాల మీద ఆధారపడి ఉంది. ఇప్పుడు కొడుకు చదువుకు తెచ్చే అప్పు తీరడం కూడా ఆ దేశం నిర్ణయాల మీదే పెడుతున్నారు. రెండూ ఒకే ఏడాది దెబ్బతింటే నిలబడడానికి ఆ ఎకరమే మిగలాలి.

ఆ నిర్ణయాలు ఎంత వేగంగా మారతాయో చూడండి. సైన్సు, ఇంజనీరింగు కోర్సులు చదివినవారు చదువయ్యాక ఓపీటీ కింద, అంటే విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతితో, మూడేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు. ఇది ఇప్పటికి నిజం. ఆ తర్వాత అక్కడ ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసా లాటరీ. ఏటా 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు, అంతే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని ప్రకటించారు. అక్కడే చదివి అక్కడి నుంచే వీసా మార్చుకునేవారికి ఇది వర్తించదని మరుసటి నెలలో వివరణ వచ్చింది. మధ్యలో ఆ కొన్ని వారాలు తల్లిదండ్రులు ఎంత హడలిపోయారో నాకు వచ్చిన ఫోన్లకు తెలుసు.

కన్సల్టెన్సీ వారి 'ఖాయం' సంగతికి వద్దాం. వాళ్ల ఆదాయం మీరిచ్చే ఫీజుతో ఆగదు. పిల్లవాడు చేరితే విశ్వవిద్యాలయం కమిషన్ ఇస్తుంది. కాబట్టి వాళ్ల జాబితాలో ముందుండేది మీవాడికి తగినది కాదు, వాళ్లకు గిట్టుబాటయ్యేది. మీరు సీడు కొనేటప్పుడు హేచరీ వారి మాట నమ్మి చెరువులో వదిలేస్తారా? ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయించి, తెల్లమచ్చ రోగం లేదని తేలాకే కదా తెస్తారు! లక్షల రొయ్య పిల్లల మీద ఉన్న జాగ్రత్త సొంత పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఏమైపోయింది? 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో అమెరికా ప్రభుత్వ అధికారులే ఒక బూటకపు సంస్థ నడిపి, అందులో చేరిన 129 మంది భారతీయులను నిర్బంధించారు. వారిలో తెలుగు పిల్లలు చాలామంది. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. ఆ సంస్థల పేర్లు కూడా ఎవరో ఒకరు చెబితేనే మనవాళ్లు చేరారు.

ఇంకొకటి. వీసా కోసం కొద్ది రోజులు ఖాతాలో డబ్బు వేసి చూపించి తీసేసుకునే ఏర్పాటు మేమే చేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తప్పుడు వివరాలతో వీసా అడిగినట్టు తేలితే అమెరికా తలుపు ఆ పిల్లవాడికి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. కమిషన్ తీసుకున్నవాడికి ఏమీ కాదు.

జర్మనీ గురించి నాకు అనుమానాలు ఎక్కువ. ఆ దేశం మీద కాదు, ఇక్కడ దాన్ని అమ్ముతున్న తీరు మీద. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి బయటి దేశాల వారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టింది. అసలు కిటుకు వేరే ఉంది. ఆ ఉచిత విశ్వవిద్యాలయాలు కన్సల్టెన్సీలకు కమిషన్ ఇవ్వవు. అందుకని జర్మనీ ఉచితం అనే బోర్డు చూసి లోపలికి వెళ్లిన పిల్లవాడు, నీ మార్కులకు ప్రభుత్వ సీటు కష్టం అన్న మాటతో బెర్లిన్‌లో ఏదో ప్రైవేటు సంస్థ ఫీజు రసీదు పట్టుకుని బయటికి వస్తాడు.

మార్కుల సంగతి మీవాడి అంకెతోనే చూద్దాం. వాళ్ల లెక్కలో 1 అంటే అత్యుత్తమం, 4 అంటే గట్టెక్కడం. 7.2ను అందులోకి మారిస్తే, ఉత్తీర్ణతకు కనీస గ్రేడును 4గా తీసుకుంటే 2.4, 5గా తీసుకుంటే 2.7 దాకా వస్తుంది. చాలా మంచి కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. అంటే మీ అబ్బాయి సరిగ్గా గీత మీద ఉన్నాడు. మిగిలిన సెమిస్టర్లలో అర పాయింటు పెంచుకుంటే కథ మారుతుంది. ఈ మాట అతనికి చెప్పండి, నా అనుభవంలో కన్సల్టెన్సీ కరపత్రం కన్నా ఇదే బాగా పనిచేస్తుంది.

ఖర్చు కూడా సున్నా కాదు. ఏడాది బతకడానికి 11,904 యూరోలు, ఈనాటి మారకంలో 12 లక్షలకు తక్కువ కాకుండా, ముందే బ్లాక్డ్ ఖాతాలో వేయాలి. అది మీ డబ్బే, నెలకు 992 యూరోల చొప్పున అబ్బాయికి తిరిగి ఇస్తారు, కాబట్టి భయం లేదు. మన సర్టిఫికెట్లు అసలైనవేనని జర్మనీ తరఫున తేల్చి చెప్పే ఏపీఎస్ ధ్రువపత్రానికి 18 వేల రూపాయలు. అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకు చాలాచోట్ల జూలై 15తో గడువు ముగుస్తుంది, కొన్ని కోర్సులకు ఇంకా ముందే. మన ఫలితాలు, ప్రొవిజినల్ సర్టిఫికెట్లు వచ్చేసరికి అదీ ఇదీ కలిసి ఊపిరాడనివ్వవు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి భాష. తరగతి ఇంగ్లీషులోనే జరుగుతుంది గాని బయట రొట్టెల దుకాణంలో పని దొరకాలన్నా జర్మన్ రావాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. బి2 స్థాయి, అంటే తడుముకోకుండా మాట్లాడగలిగేంత, భాష లేని పిల్లలకు ఆ 18 నెలలు ఇట్టే కరిగిపోతాయి. ఇప్పుడు మూడో ఏడాదే కాబట్టి ఈరోజు మొదలుపెడితే మీవాడికి సమయం ఉంది. భాష నేర్చుకోనంటే జర్మనీ మాట మరచిపోండి.

మీరడిగిన పోలిక ఇక రెండు ముక్కల్లో. డబ్బు గండం పెద్దది, జీతం కూడా పెద్దది అయ్యేది అమెరికా. అక్కడ క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు తప్ప బయట పని చేయకూడదు, బంకులో పనిచేసి ఫీజు కట్టేస్తాడన్న లెక్క వేసుకోకండి. డబ్బు గండం చిన్నది, భాష, ఓపిక ఎక్కువ కావలసింది జర్మనీ. మీ ఇంటి పరిస్థితికి, అబ్బాయి భాషకు సిద్ధపడితే, నేను జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయం వైపే మొగ్గుతాను. కోర్సుల వివరాలు ఫీజుతో సహా జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ వెబ్‌సైటులో ఉంటాయి, పైసా ఖర్చు లేకుండా అతనే చూసుకోవచ్చు. సిద్ధపడకపోతే ఇక్కడ ఉద్యోగం, రెండేళ్ల తర్వాత మళ్లీ ఆలోచన. అది ఓటమి కాదు.

ఈలోగా చేయదగిన పని ఒకటి చెబుతాను. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేముందు పదో తరగతి మెమో తీసి పక్కన పెట్టుకోండి. మనవాళ్ల మెమోల్లో ఇంటిపేరు, పేరు కలిపి ఒకే వరసలో ఉంటాయి. అదంతా ఒకే గడిలో రాసి రెండో గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని, అంటే పేరు తెలియదని పడుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా దగ్గర నుంచి డ్రైవింగు లైసెన్సు దాకా ప్రతిచోటా సంజాయిషీలే. ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఒక గడిలో విడిగా రాయించండి. ఇంకా, ఈ సెలవుల్లో అతనికి అన్నం, పప్పు వండడం నేర్పించమని వాళ్లమ్మగారికి చెప్పండి.

చివర్లో రాసిన సంబంధం సంగతి. ఆసరా అన్న పదం వెనుక ఉన్నది కట్నమని ఇద్దరికీ తెలుసు. 1961 నాటి చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే, శిక్ష ఐదేళ్లకు తగ్గదు. చట్టం పక్కన పెట్టినా, వీసా రాకపోతే, వచ్చి ఉద్యోగం దొరకకపోతే, ఎవరో ఒక ఆడపిల్ల జీవితం మీ ఫీజు రసీదుకు తాకట్టు పడుతుంది. ఆ డబ్బును మీ లెక్కలోంచి కొట్టేయండి. కొట్టేశాక మిగిలే అంకె ఎంతో కాగితం మీద వేసి, ఇప్పటిదాకా వచ్చిన మార్కుల మెమోలతో సహా అబ్బాయి చేతికిచ్చి నా దగ్గరికి పంపండి. మీరు రావద్దు, అతను ఒక్కడే వస్తే మాట్లాడుకోవడం తేలిక.