వానాకాలం ప్రశ్నలు: కప్ప, కాకి, పాము

ప్రశ్న: వానలు రాకపోతే మా ఊళ్ళో రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు, నీళ్ళు పోసి మొక్కుతారు. వానలు పడ్డాక కప్పల గోలకు నిద్ర పట్టడం లేదని విసుక్కునేదీ వాళ్ళే. ఇదేం తీరండీ?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఈ తీరు మీ ఊరితో ఆగలేదమ్మా. 2019 జులైలో భోపాల్‌లో వానల కోసం కప్పల జంటకు పెళ్ళి చేశారు, తీరా వానలు ఎంతకీ ఆగకపోయేసరికి సెప్టెంబరులో ఆ జంటకు విడాకులు ఇప్పించారు. నిజానికి కప్ప అరిస్తే వాన రాదు, వాన పడితే కప్ప అరుస్తుంది. అరిచేది మగకప్ప, ఆడకప్పను పిలుచుకోవడానికి. నీళ్ళు నిలిచి ఉండే ఆ కొన్ని వారాల్లోనే గుడ్లు పెట్టాలి, తోకకప్పలకు కాళ్ళు రావాలి, అందుకే రాత్రంతా అంత హడావుడి. నాకు బాధ కలిగించేది ఈ విసుక్కోవడం కూడా కాదు. ఒకప్పుడు మన దేశం నుంచి కప్పకాళ్ళు టన్నుల కొద్దీ విదేశాలకు పోయేవి, పైరును తినే పురుగులను తినేది కప్పే కదా అని గట్టిగా అడిగేవాళ్ళు అడిగాక 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. ఎగుమతి ఆగింది గానీ కుంటలు పూడ్చి ప్లాట్లు వేయడం ఆగలేదు, పొలాల్లో విచ్చలవిడిగా మందు కొట్టడమూ ఆగలేదు. రోకలికి కట్టిన కప్పను బతికుండగానే నీళ్ళలో వదిలేయమని మీవాళ్ళకు చెప్పండి. ఊళ్ళో కుంట ఇంకా మిగిలి ఉంటే దాన్ని పూడ్చనివ్వకండి.

ప్రశ్న: కోకిలను అందరూ మెచ్చుకుంటారు, దాని పిల్లను పెంచే కాకిని మాత్రం తరుముతారు. న్యాయమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: కాదు. మనం మురిసిపోయే ఆ కూత మగకోకిలది. గూడు కట్టే పని ఆ జంటకు లేదు, ఆడకోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది, పొదగడమూ మేత తెచ్చి నోట్లో పెట్టడమూ కాకి వంతు. ఎవరి పిల్లలనో ఎత్తుకుని పెంచే ఆయాలు గుర్తొస్తారు నాకు, ఆ పిల్లాడికి ర్యాంకు వచ్చిన రోజు తీసే ఫొటోలో వాళ్ళను నిలబెట్టరు. కాకిని మనం ప్రేమగా పిలిచేది కూడా తద్దినం రోజునే.

ప్రశ్న: నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనమే వానాకాలంలో కనపడ్డ పామునల్లా చంపుతాం. అసలు అవి ఇళ్ళల్లోకి ఎందుకొస్తాయి?
– ఒక రైతు, దివిసీమ

జవాబు: బొరియల్లోకి నీళ్ళు వస్తే ఎలుకలు మెరక వెతుక్కుంటూ ఇళ్ళ దగ్గరికి చేరతాయి, వాటి వెనకే పాము వస్తుంది, అంతేగానీ మన మీద పగతో కాదు. ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పను. 2000 నుంచి 2019 దాకా మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని అంచనా వేసింది, అందులో సగం దాకా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది పల్లెల వాళ్ళు. అయినా మన కర్ర ముందుగా పడేది విషమే లేని జెర్రిపోతు మీద, అది మన వడ్లు తినే ఎలుకలను తింటుంది. ఇక పాలంటారా, అది పాము ఆహారమే కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. కాటుకు ఇచ్చే ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న రక్తపింజర విషంతోనే తయారవుతుంది. ఆ విషం పట్టి ఇచ్చేవాళ్ళలో ముఖ్యులు తమిళనాడులోని ఇరుళ గిరిజనులు. ఒకప్పుడు తోళ్ళ కోసం పాములు పట్టేవాళ్ళు, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ బతుకుదెరువు పోయింది, 1978లో సహకార సంఘం పెట్టుకుని పాముల నుంచి విషం తీసి మళ్ళీ అడవిలో వదిలేయడం మొదలుపెట్టారు. ఊరి చివరన ఉంచేసిన మనుషుల చేతి పని మీద ఊరందరి ప్రాణాలూ ఆధారపడి ఉన్నాయి, ఇది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. 2023లో వాళ్ళలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు, పద్మశ్రీ ఇచ్చారు, చాలా సంతోషించాను.

మీరు మాత్రం రాత్రిపూట పొలానికి టార్చి లేకుండా, కాళ్ళకు బూట్లు లేకుండా వెళ్ళకండి. కాటు పడితే తాడు బిగించకండి, బ్లేడుతో కోయకండి, మంత్రగాడి దగ్గరికి అసలే వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేయండి.