లాటినో వృద్ధులు డిమెన్షియా పరిశోధనల్లో చేరాలంటే ఏం చేయాలి?

అమెరికాలో తెల్లజాతి వృద్ధులతో పోలిస్తే లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) వృద్ధుల్లో అల్జీమర్స్, ఇతర డిమెన్షియాలు (జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బులు) సుమారు 1.5 రెట్లు ఎక్కువ. అయినా ట్రయల్స్‌లో వాళ్ల వాటా తక్కువే. ఆసక్తి లేదంటారు గానీ, చాలాసార్లు అసలు అడిగేవాళ్లే ఉండరు.

క్లినిక్ గోడ మీద పోస్టర్ అంటిస్తే సరిపోదు. చర్చి, సీనియర్ సెంటర్, ప్రొమోతోరాల (స్పానిష్ మాట్లాడే స్థానిక ఆరోగ్య కార్యకర్తలు, మన ఆశాల లాంటివాళ్లు) ద్వారా వెళ్లాలి. ఆ వృద్ధుల కొడుకుల్నీ, కూతుళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఎక్కువగా బెడిసికొట్టేది తోడు మనిషి నిబంధన దగ్గర. పెద్దాయన గురించి చెప్పడానికి ఒకరు వెంట రావాలంటారు. కూతురు వస్తే ఆరోజు కూలి పోతుంది. ఆమెతో ఫోన్‌లో మాట్లాడండి, శనివారం స్లాట్లు పెట్టండి, రానూపోనూ కారు పంపండి.

పరీక్షను స్పానిష్‌లోకి మార్చినంత మాత్రాన న్యాయం జరగదు. మోకా అనే జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్షలో 30కి 26, అంతకన్నా ఎక్కువ వస్తే నార్మల్ అంటారు. 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ చదివితే 1 మార్కు కలుపుతారు. మూడో తరగతితో బడి మానేసినవాళ్లకూ అదే ఒక్క మార్కు! జబ్బు లేకున్నా గడియారం బొమ్మ గీయమన్న దగ్గరే మార్కులు పోతాయి. చదువుకు తగ్గ ప్రమాణాలు వాడాలి.

పరిశోధన కోసం వెన్ను నుంచి ద్రవం తీసే సూది అంటే కాళ్లు పడిపోతాయని భయం. వెన్నుపాము ముగిసిన చోటుకు కింద గుచ్చుతారనీ, తర్వాత కొందరికి తలనొప్పి రావచ్చనీ బొమ్మ గీసి చెప్పండి. వీలైతే దాన్ని ఐచ్ఛికం చేయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) మొదటి పేజీలోనే అడగొద్దు, ఫారం అక్కడే పక్కన పెట్టేస్తారు.