పల్లెటూళ్లో పుట్టగొడుగులు పెంచితే ఇల్లు గడుస్తుందా?

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊరికొచ్చి పుట్టగొడుగులు పెంచుదామనుకుంటున్నాను, ఇల్లు గడుస్తుందా, పెట్టుబడి ఎంత కావాలి అని అడిగారు కదా. గడుస్తుంది తమ్ముడూ. కానీ మీ ఊరికి పది కిలోమీటర్ల లోపు ఎన్ని కర్రీ పాయింట్లు ఉన్నాయో ముందు లెక్కపెట్టుకోండి. పెట్టుబడి సంగతి ఆ తర్వాత.

మాది తణుకు పక్కన పల్లె. నేనూ మా తోడికోడలూ కలిసి కొన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాం. చలికాలం ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులు, ఎండలు ముదిరాక పాల పుట్టగొడుగులు. బటన్ అనే గుండ్రటి తెల్ల పుట్టగొడుగు జోలికి మాత్రం పోలేదు, పోము కూడా. దానికి కాపు సమయంలో 14 నుంచి 18 డిగ్రీల చలి ఉండాలి. మా వైపు ఏసీ గది కట్టి, కరెంటు బిల్లుకి దణ్ణం పెట్టుకుంటే తప్ప అది రాదు. హిమాచల్‌లోని సోలన్‌కి 1997లో పుట్టగొడుగుల నగరం అని పేరు పెట్టారు, అక్కడ ఆ చలి ఉంది. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ బటన్ మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పాల పుట్టగొడుగు అలా కాదు, మన ఎండల కోసమే పుట్టినట్టుంటుంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 1998లో ఏపీకే-2 రకం ఇచ్చారు, 35 డిగ్రీల్లో కూడా దర్జాగా వస్తుంది. పైగా కోశాక రెండు మూడు రోజులు బయటే నిలుస్తుంది. ముత్యపు చిప్పైతే మర్నాటికే మెత్తబడిపోతుంది.

ఇక నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. "ఆడవాళ్లు ఖాళీ టైములో ఇంట్లోనే చేసుకోవచ్చు." ఈ మాట అనేవాళ్లలో ఒక్కడు కూడా తడిగడ్డి బస్తా ఎత్తినవాడు ఉండడు. ఎండుగడ్డిని రెండంగుళాల ముక్కలు కొట్టాలి, రాత్రంతా నానబెట్టాలి, డ్రమ్ములో ఉడకబెట్టాలి, వార్చి నీడన ఆరబెట్టాలి. గుప్పెడు గడ్డి తీసి గట్టిగా పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి గానీ నీటి చుక్క కారకూడదు. చుక్క కారిందంటే ఇంకాసేపు ఆరబెట్టాలి. ఆరింది కదా అని వదిలేసి వంటింట్లోకి వెళ్లొస్తే మరీ ఎండిపోయి ఉంటుంది. తర్వాత కవర్లో గడ్డి ఒక వరుస, అంచు చుట్టూ స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) గింజలు, మళ్లీ గడ్డి. అలా నాలుగైదు వరుసలయ్యాక మూతి బిగించి చీకటి గదిలో వేలాడదీస్తాం, దీన్నే బెడ్ అంటాం. రెండు మూడు వారాలకి బెడ్డంతా తెల్లగా బూజు కమ్ముతుంది. మొగ్గలు కనిపించిన దగ్గర్నుంచి రోజుకి మూడు నాలుగు సార్లు నీళ్లు కొట్టాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువే. మా తోడికోడలు సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లి, తలంబ్రాలు అవగానే బస్సెక్కి వచ్చేసింది. ఇదీ ఖాళీ టైము!

అసలు కష్టం ఇది కూడా కాదు, అమ్మకం. ఒక మాఘమాసంలో క్యాటరింగ్ ఆయన పెళ్లికి పాతిక కిలోలు చెప్పాడు. దానికి తగ్గట్టు ముందునుంచీ బెడ్లు కట్టుకున్నాం. ముహూర్తం ఇంకా రెండు రోజులుందనగా మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగింది. పొద్దున్నే గది తలుపు తీస్తే చిప్పలన్నీ ఒకేసారి అరచేతులంత విచ్చుకుని ఉన్నాయి. చిప్ప అంచు లోపలికి వంగి ఉన్నప్పుడే కోసెయ్యాలి. పైకి తిరిగిందంటే పొడి రాలడం మొదలవుతుంది, నేల మీద బియ్యప్పిండి జల్లినట్టు పడుతుంది. అది పీల్చి నాకు వారాల తరబడి దగ్గు పట్టిన రోజులున్నాయి. మాస్కు లేకుండా కోత గదిలోకి వెళ్లకండి. ఈ సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు. క్యాటరింగ్ ఆయనకి ఫోన్ చేస్తే "మీ పుట్టగొడుగుల కోసం ముహూర్తం మారుస్తారామ్మా" అన్నాడు.

కోసినవన్నీ రెండు ట్రేలలో సర్ది, మా ఆయన బండి మీద కట్టుకుని తణుకు బయల్దేరాను. మొదటి రెండు కర్రీ పాయింట్ల వాళ్లు ట్రేల వంక చూడనైనా చూడలేదు. మూడో చోట ఒకావిడ, నా కంటే పెద్దావిడ, ఒక చిప్ప తీసి తిప్పి చూసి "ఇదేంటే అమ్మాయ్, చెవిలా ఉంది! మా దగ్గర గుండ్రంగా ఉన్నవే అడుగుతారు" అంది. "అయితే పొయ్యి కాసేపు నాకివ్వండి పిన్నిగారూ" అన్నాను. కత్తి పెట్టకుండా చేత్తోనే నిలువునా చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేసి నీరంతా ఇగిరేదాకా వేయించి, దించేముందు మిరియాల పొడి చల్లాను. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుంది, మాట్లాడలేదు, ఇంకోటి వేసుకుంది. "కోడి మాంసంలా చీలుతోందే" అని లోపలున్న కొడుకుని పిలిచింది. ఆరు కిలోలు తీసుకుంది. బేరం మాత్రం గట్టిగానే ఆడింది. "రేపట్నుంచి ఏడింటికల్లా తేవాలి, తొమ్మిదింటికి తెస్తే నాకొద్దు" అంది. ఆవిడ చెప్పడంతో ఇంకో ఇద్దరు కుదిరారు. ఇప్పటికీ మా సరుకులో సగానికి పైగా ఆ ముగ్గురికే. కార్తీకమాసం వస్తే రెట్టింపు అడుగుతారు, మాంసం మానేసినవాళ్లంతా ఇటే చూస్తారు మరి. పెళ్లికి మిగతా బెడ్ల మీద వచ్చినంత ఇచ్చాం, తక్కువైంది పనీర్‌తో సర్దుకున్నారట.

అందుకే "మీరు పెంచండి, మేమే కొంటాం" అనేవాళ్లని గుమ్మం దాటి రానివ్వకండి. మా చుట్టాల్లో ఒకాయన లక్షలు కట్టి బెడ్లు తెచ్చుకున్నాడు. ఎండబెట్టి ఇస్తే కొంటామని కాగితం రాసిచ్చారు. పది కిలోలు ఎండబెడితే మిగిలేది కిలో. ఆ కిలోకి వంకలు పెట్టి సగం వెనక్కి పంపారు. ఆ తర్వాత ఆఫీసుకి తాళం, ఫోన్ స్విచ్ ఆఫ్. నిజంగా అంత లాభం ఉంటే వాళ్లే పెంచుకునేవాళ్లు కదా, మనకెందుకు చెప్తారు?

సబ్సిడీ అంటారా, అదో కథ. మేం మొదలుపెట్టేనాటికి 20 లక్షల యూనిట్ కడితే 40 శాతం ఇచ్చే కేంద్రం పథకం ఉండేది. కానీ ముందు బ్యాంకు లోను రావాలి, ప్రాజెక్టు రిపోర్టు రాయించాలి, సబ్సిడీ తర్వాతెప్పుడో పడుతుంది. పాత పశువుల పాకకి గోనె పట్టాలు కట్టుకున్న మా లాంటివాళ్లని రిపోర్టులో ఏ గడిలో రాస్తారు? మమ్మల్ని ఆదుకున్నది డ్వాక్రా లోనే.

గడ్డి గురించి కూడా చెప్పాలి. కోత మిషన్లు వచ్చాక మంచి గడ్డి దొరకడం గగనమైంది. మిషన్ గడ్డి నలిగిపోయి చేలోనే మంచుకి తడిసి ముక్కిపోతుంది. దాంతో బెడ్లు కడితే పచ్చ బూజు పట్టి మొత్తం పారబోసుకోవాలి. చేత్తో కోసిన గడ్డి ఎవరి దగ్గరుందో ఊళ్లో ముందే కనిపెట్టి బయానా ఇచ్చేస్తాం. కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా ముత్యపు చిప్పలు వస్తాయి. అంతకంటే ఎక్కువ చెప్పేవాళ్లు మీకు స్పాన్ అమ్మడానికి వచ్చినవాళ్లై ఉంటారు. కాపయ్యాక మిగిలిన గడ్డి కొబ్బరి పాదుల్లో వేస్తాం.

పెట్టుబడి అడిగారు కదా. షెడ్డు కట్టకండి. ఇంట్లో ఉన్న పాకలోనే పాతిక ముప్పై బెడ్లతో మొదలుపెట్టండి. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ ఇస్తారేమో కనుక్కోండి. మొదటి కోత ఫ్రీగా పంచినా పర్లేదు, కర్రీ పాయింట్ల వాళ్ల నోట్లో పడాలి. వాళ్లు ఫోన్ చేసి అడిగితేనే రెండో విడత బెడ్లు కట్టండి. స్పాన్ కొనేటప్పుడు కవరు వెలుతురులో పట్టుకుని చూడండి. జొన్న గింజలన్నీ తెల్లటి దారాల్లాంటి బూజుతో అల్లుకుని ఉండాలి. ఎక్కడైనా పచ్చగానో నల్లగానో మచ్చ కనబడితే అక్కడే వదిలేసి రండి. డబ్బు చేతులు మారాక స్పాన్ వెనక్కి తీసుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.