లాంగ్‌లాండ్స్ దారిలో పీహెచ్‌డీ చేయవచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ గణితం చివరి సంవత్సరంలో ఉన్నాను. ఆటోమార్ఫిక్ రిప్రజెంటేషన్ల (మాడ్యులర్ రూపాల వంటి, సౌష్ఠవం ఎక్కువున్న ఫంక్షన్ల నుంచి పుట్టేవి) మీద, గణితవేత్త రాబర్ట్ లాంగ్‌లాండ్స్ ఊహించినట్టు అవి ఒక రిడక్టివ్ గ్రూపు (ఒక రకం మాత్రికల గ్రూపు) నుంచి మరో గ్రూపుకు బదిలీ కావడం మీద పరిశోధన చేయాలని ఉంది. చదవడానికే పదేళ్లు పడుతుందని, ఆ తర్వాత ఉద్యోగం దొరకదని భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీకు నచ్చింది ఈ విషయానికున్న పేరా, ఇందులో రోజూ చేయాల్సిన పనా? ముందు అది తేలాలి. అందుకు ఒక మధ్యాహ్నం చాలు.

క్యూ × (1 − క్యూ)^24 × (1 − క్యూ²)^24 × (1 − క్యూ³)^24... అనే అనంత లబ్ధాన్ని చేత్తో విస్తరించండి. వచ్చే గుణకాలే రామానుజన్ టౌ విలువలు: 1, −24, 252, −1472, 4830, −6048. రెండోదాన్ని మూడోదానితో గుణిస్తే ఆరోది వస్తుంది. రామానుజన్ 1916లో గమనించిన ఈ ధర్మాన్ని మరుసటి ఏడాది మోర్డెల్ నిరూపించారు. ఇప్పుడు మొత్తం −24, లబ్ధం 2048 అయ్యే రెండు సంఖ్యలను ఆల్ఫా, బీటా అనుకోండి. ఆ 2048 అంటే 2కు పదకొండో ఘాతం. ఆల్ఫా వర్గం, ఆల్ఫా బీటాల లబ్ధం, బీటా వర్గం, ఈ మూడింటినీ కూడితే 576 − 2048, అంటే −1472. నాలుగో గుణకం అదే!

జీఎల్(2) అంటే విలోమం ఉన్న 2×2 మాత్రికల గ్రూపు, జీఎల్(3) అంటే 3×3వి. పై అనంత లబ్ధం ఒక మాడ్యులర్ రూపం, దాని నుంచి జీఎల్(2) మీద ఒక ఆటోమార్ఫిక్ రిప్రజెంటేషన్ వస్తుంది. రెండు సంఖ్యల నుంచి ఆ మూడింటిని తయారుచేయడంలోనే జీఎల్(2) నుంచి జీఎల్(3)కి బదిలీ దాగి ఉంది. ఒక్కో ప్రధాన సంఖ్య దగ్గర విడిగా చేస్తే ఇది హైస్కూలు బీజగణితమే. అలా వచ్చిన మూడేసి సంఖ్యలన్నీ కలిసి జీఎల్(3) మీద నిజంగా ఒక ఆటోమార్ఫిక్ రిప్రజెంటేషన్‌కు చెందుతాయా అన్నదే అసలు కష్టం. చెందుతాయని గెల్‌బార్ట్, జాకే 1978లో నిరూపించారు. వర్గం స్థానంలో ఘనం పెట్టి అదే ప్రశ్న అడిగితే, కిమ్, షాహిదీల జవాబు 2002లో అచ్చయింది. ఒక్క మెట్టుకు 24 ఏళ్లు! హోలోమార్ఫిక్ మాడ్యులర్ రూపాలకు అన్ని ఘాతాలనూ న్యూటన్, థార్న్ 2021లో సాధించారు. హోలోమార్ఫిక్ కాని మాస్ రూపాలకు ఆ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

అందుకే, లాంగ్‌లాండ్స్ 1967లో తోటి గణితవేత్త ఆండ్రే వేయ్‌కు రాసిన ఉత్తరంలోని మహా ఊహను, అంటే ఇలాంటి బదిలీలన్నీ ఉంటాయన్నదాన్ని, థీసిస్ సమస్యగా పెట్టుకోకండి. నాలుగైదేళ్లలో తెమిలే సమస్య కావాలి: ఒక చిన్న గ్రూపు, ఒక నిర్దిష్టమైన బదిలీ, లేదా ఒకే ప్రధాన సంఖ్య దగ్గర తలెత్తే స్థానిక ప్రశ్న. దాన్ని ఎంచి ఇవ్వగలిగేది గైడే. కాబట్టి సంస్థ పేరు కంటే గైడు ఎంపికే ముఖ్యమని గట్టిగా చెబుతాను. ఆయన పని ట్రేస్ ఫార్ములాతోనా, ఎల్-ఫంక్షన్లతోనా, గాల్వా రిప్రజెంటేషన్లతోనా? ఈ మూడూ వేర్వేరు చేతిపనులు. మీరు ఏది నేర్చుకుంటారో అక్కడే నిర్ణయమైపోతుంది. ఆయన దగ్గర చదివినవారు ఏ సమస్యలు చేశారో, ఎన్నేళ్లు పట్టిందో వారినే అడగండి. మొహమాటం వద్దు.

పదేళ్ల చదువు అన్న మాట, అన్నీ చదివాకే పని మొదలుపెట్టాలనుకునేవారికే వర్తిస్తుంది. సంకీర్ణ విశ్లేషణ, మెజర్ సిద్ధాంతం, లోకల్ ఫీల్డుల దాకా బీజీయ సంఖ్యాశాస్త్రం, కాంపాక్ట్ గ్రూపుల రిప్రజెంటేషన్లు గట్టిగా రావాలి. ఆ తర్వాత జాన్ టేట్ 1950 నాటి థీసిస్ చదవండి. జీఎల్(1) కథంతా అందులో ఉంది, పైగా అదీ ఒక విద్యార్థి రాసినదే. అక్కడి నుంచి జీఎల్(2)కి వెళ్లండి. రిడక్టివ్ గ్రూపుల సాధారణ సిద్ధాంతం అవసరమైనప్పుడు అవసరమైనంత నేర్చుకోవచ్చు.

ఉద్యోగం గురించి దాచను. శాశ్వత అధ్యాపక పదవులు తక్కువ. వాటి కోసం రెండు మూడు పోస్ట్‌డాక్‌లు, ఊళ్లు మారడం తప్పకపోవచ్చు. ఇంట్లో ఈ మాట ఇప్పుడే చెప్పండి. పీహెచ్‌డీతో పాటే సేజ్, పారి వంటి సాఫ్ట్‌వేర్‌లతో లెక్కలు చేయడం అలవాటు చేసుకుంటే పరిశోధనకూ పనికొస్తుంది, దారి మార్చాల్సి వస్తే చేతిలో ప్రోగ్రామింగ్ కూడా ఉంటుంది.

ఈ వారం విస్తరణను తొమ్మిదో గుణకం దాకా తీసుకెళ్లండి. 252 వర్గంలోంచి 3 పదకొండో ఘాతాన్ని తీసేస్తే −113643 వస్తుంది; మీ గుణకంతో పోల్చుకోండి. అది సరిపోయాక, ఎవరూ అడగకుండానే 5 దగ్గరా చేసి చూడాలనిపిస్తే, గైడ్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి.